మగపిల్లాడికి విమానంలో పనేంటి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గుంటూరు, కొరిటెపాడు. వయసు 22. బీకాం అయిపోయింది. నాన్నగారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. కేబిన్ క్రూ అవ్వాలని నాకు ఇంటర్ నుంచీ కోరిక. ఇంట్లో చెప్పగానే నాన్న, "పదిమందికి పని చూపించే ఇంట్లో పుట్టి విమానంలో టీలు పోస్తావా? అదీ ఆడపిల్లలు చేసే ఉద్యోగం" అన్నారు. అహ్మదాబాద్ విమాన ప్రమాదం టీవీలో చూసినప్పటి నుంచి అమ్మ విమానం పేరెత్తితేనే ఏడుస్తోంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరు నెలల కోర్సుకి 1,70,000 రూపాయలు అడుగుతున్నారు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నెలాఖరులోగా 25,000 అడ్వాన్సు కట్టమన్నారు. నా ఎత్తు 174 సెంటీమీటర్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంగ్లిష్ అంతంతమాత్రం. కుడి ముంజేతి మీద "అమ్మ" అని టాటూ ఉంది. అసలు మగవాళ్ళకి అక్కడ పనేంటి? నేను పనికొస్తానా? నాన్నకి ఏం చెప్పాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పాతికవేల సంగతి తేలుద్దాం, నెలాఖరు దగ్గరపడుతోంది. కట్టొద్దు.

పైలట్‌కి ఉన్నట్టు మన దేశంలో కేబిన్ క్రూకి విడిగా లైసెన్సంటూ లేదు. విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ తప్పనిసరి చేసిన ట్రైనింగ్ ఉంది. కాని అది నిన్ను ఉద్యోగంలోకి తీసుకున్న ఎయిర్‌లైనే ఇస్తుంది, తను నడిపే విమానాల మీదే ఇస్తుంది. ఎయిర్‌బస్ తలుపు తెరిచే పద్ధతి వేరు, బోయింగ్ తలుపుది వేరు, చిన్న విమానం ఏటీఆర్‌ది ఇంకా వేరు. అద్దె గదిలో నాలుగు సీట్లూ ఒక ట్రాలీ పెట్టి నేర్పేది ఆ ట్రైనింగ్ కాదు. వాళ్ళిచ్చే డిప్లొమా చూసి ఏ ఎయిర్‌లైనూ నీకు ఒక్క రోజు ట్రైనింగ్ తగ్గించదు. 18 ఏళ్ళు నిండి, ఇంటర్ పాసై, ఎత్తూ బరువూ ఆరోగ్యం వాళ్ళ కొలతకి సరిపోతే ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చు. ఆ అర్హత నీకు ఇప్పటికే ఉంది.

ఇన్‌స్టిట్యూట్లన్నీ మోసమని అనడంలేదు. బెరుకు పోగొట్టి, నలుగురిలో నిలబడి మాట్లాడించి, చొక్కా ఎలా వేసుకోవాలో, తల ఎలా దువ్వుకోవాలో శ్రద్ధగా నేర్పేవాళ్ళూ ఉన్నారు. దానికి లక్షా డెబ్బై వేలా అన్నదే ప్రశ్న. ఇక గ్యారంటీ మాట. కిందటేడు ఎంతమందికి, ఏ ఎయిర్‌లైన్‌లో, కేబిన్ క్రూగా ఉద్యోగం వచ్చిందో చెప్పమను. వాళ్ళలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడించమను. ఉద్యోగం రాకపోతే డబ్బు తిరిగిస్తామని కాగితం మీద రాసిమ్మను. ఈ మూడూ అడిగేసరికి కౌన్సెలర్ గొంతు మారితే నీకు జవాబు దొరికినట్టే. చివరికి ఎయిర్‌పోర్టులో కౌంటర్ పనో, హోటల్ రిసెప్షనో చూపించి దాన్ని కూడా "ఏవియేషన్ ప్లేస్‌మెంట్" లెక్కలో వేసినవాళ్ళని చూశాను.

ఇంకో జాగ్రత్త. ఎయిర్‌లైన్ పేరు పెట్టుకుని, రిజిస్ట్రేషన్ ఫీజు పంపమనో, యూనిఫాం డిపాజిట్ కట్టమనో మెయిల్ వస్తే అది దొంగది. పేరున్న కంపెనీలు ఇంటర్వ్యూకి డబ్బులు అడగవు. వాళ్ళ సొంత వెబ్‌సైట్లో కెరీర్స్ పేజీ చూడు, నోటిఫికేషన్లు అక్కడే పడతాయి. మనవాళ్ళకి హైదరాబాద్ వాక్ఇన్లు దగ్గర. ఎంపికయ్యాక బాండ్ ఉంటుందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి కంపెనీని బట్టి మారతాయి. సంతకం పెట్టేముందు ఆ కాగితం మీ నాన్నగారి చేత చదివించు. వ్యాపారం చేసే మనిషి కదా, లొసుగు నీకంటే ముందు ఆయన కంటికే కనబడుతుంది.

ఇక "ఆడపిల్లల ఉద్యోగం" అన్న మాట. ఈ వృత్తిలో మొట్టమొదటి మనిషి మగవాడే. హైన్రిష్ కూబిస్ అనే జర్మన్ 1912లో జెప్పెలిన్ ఎయిర్‌షిప్‌లో, అంటే గ్యాస్ నింపిన పెద్ద గాలిఓడలో, ప్రయాణికులని చూసుకునే పనిలో చేరాడు. 1937 మే 6న అమెరికాలో హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ దిగబోతూ అంటుకున్నప్పుడు అందులో స్టీవార్డులందరికీ పెద్ద అతనే. మంటల్లో నేలకి దగ్గరవుతున్న గాలిఓడలోంచి, సరిగ్గా దూకదగ్గ ఎత్తుకి వచ్చేదాకా ఆగి, కిటికీల్లోంచి జనాన్ని దూకించాడు. తనూ బతికాడు. ఆడవాళ్ళు ఈ పనిలోకి వచ్చింది 1930లో. మొదటామె ఎలెన్ చర్చ్, నర్సు. తర్వాత కాలంలో కంపెనీలు అందమైన అమ్మాయిలని చూపించి టికెట్లు అమ్ముకోవడం మొదలెట్టాక, ఇది ఆడవాళ్ళ పని అన్న ముద్ర పడింది. అమెరికాలో డియాజ్ అనే అతను మగవాడినని తనని తీసుకోలేదని పాన్ యామ్ అనే ఎయిర్‌లైన్ మీద కేసు వేశాడు. ప్రయాణికులకి అమ్మాయిలే నచ్చుతారని కంపెనీ వాదించింది. 1971లో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఎయిర్‌లైన్ అసలు పని జనాన్ని క్షేమంగా చేర్చడం, ప్రయాణికుడి కళ్ళకి ఇంపుగా ఉండటం దాని తర్వాతి మాట అన్నది ఆ తీర్పు సారం.

ఆ ముద్ర వల్ల ఆడవాళ్ళు పడింది తక్కువేం కాదులే. మన ఎయిర్ ఇండియాలోనే మొదటిసారి గర్భం దాల్చగానే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోయే రూలు ఉండేది. 1981లో నర్గేశ్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేస్తేగాని అది పోలేదు. నీకు ఎదురయ్యేది మీ నాన్నగారి మాట ఒక్కటే, ఆ లెక్కన నీ దారి సులువే.

పని విషయానికొస్తాను. గన్నవరం నుంచి హైదరాబాద్ వెళ్ళే చిన్న ఏటీఆర్ ఎక్కితే లోపల 78 సీట్లు, ఇద్దరు క్రూ కనబడతారు. 180 సీట్ల ఎయిర్‌బస్‌లో నలుగురు. ఎంతమందికి టీ అందించాలన్న దాన్ని బట్టి వేసిన లెక్క కాదిది. 50 సీట్ల దాకా ఒకరు, 99 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి 50కీ ఇంకొకరు ఉండి తీరాలని నియమం. వేడినీళ్ళు రాకపోయినా, ఫుడ్ ఎక్కకపోయినా విమానం బయల్దేరుతుంది. క్రూలో ఒకరు తగ్గితే మాత్రం నిండా జనంతో కదలదు.

ఒక మామూలు రోజు చెబుతాను. నీ బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, హైదరాబాద్ అనుకో. తెల్లవారుజామున ఫ్లైటంటే రాత్రి రెండున్నరకే క్యాబ్ గుమ్మం ముందుంటుంది. అప్పటికి నువ్వు గడ్డం గీసుకుని, ఇస్త్రీ యూనిఫాంలో, షూ మెరుస్తూ ఉండాలి. ఎయిర్‌పోర్టులో బ్రెత్ అనలైజర్. డ్యూటీకి 12 గంటల ముందు నుంచి చుక్క ముట్టకూడదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడకూడదని రూలు. మొదటిసారి దొరికితేనే మూడు నెలలు ఇంట్లో కూర్చోబెడతారు. తర్వాత బ్రీఫింగ్. క్రూకి పెద్దగా ఉండే లీడ్ ఒక్కొక్కరినీ భద్రత మీద ప్రశ్న అడుగుతుంది. ఆక్సిజన్ బాటిల్ ఎక్కడుంది, లోపలి గాలి ప్రెజర్ పోతే మొదట ఏం చేస్తావు, నీ తలుపు తెరుచుకోకపోతే జనాన్ని ఎటు పంపుతావు. చెప్పలేకపోతే ఆ ఫ్లైట్ నుంచి దింపేస్తారు. నవ్వు సరిగా లేదని దింపేయడం నేనెప్పుడూ చూడలేదు.

విమానం ఎక్కాక ప్రయాణికులు రాకముందే ఎవరి చోట వాళ్ళు తనిఖీ చేసుకోవాలి. మంటలార్పే సిలిండర్ ముల్లు పచ్చలో ఉందా, పొగలో వేసుకునే ముసుగు సీలు చెక్కుచెదరకుండా ఉందా, టార్చి వెలుగుతోందా, మెగాఫోన్ పలుకుతోందా, తలుపులో ఉండే స్లైడ్, అంటే జనం జారి దిగే రబ్బరు జారుడుబల్ల, దాని ప్రెజర్ ఎంతుంది. సీట్ల కింద, టాయిలెట్లలో అనుమానపు వస్తువులేమైనా ఉన్నాయేమో వెతకాలి. తర్వాత తలుపు దగ్గర చేతులు జోడించి నిలబడి నమస్కారం పెడతావు. మీ నాన్నగారికి కనబడేది ఇక్కణ్ణుంచే. ఆ నమస్కారం పెడుతూనే కళ్ళతో మనిషిని చదువుతుంటావు. ఎవరు తాగి వచ్చారు, ఎవరికి జ్వరంలా ఉంది, ఎవరు భయపడుతున్నారు, ఎగ్జిట్ పక్కన కూర్చున్నవాడికి తలుపు ఎత్తే సత్తువ ఉందా, అవసరమైతే సాయానికి ఎవర్ని పిలవొచ్చు.

తలుపులు మూశాక "డోర్స్ టు ఆర్మ్‌డ్ అండ్ క్రాస్ చెక్" అన్న మాట మైకులో వింటావు. ఆ క్షణం నుంచి ఆ తలుపు లోపలి నుంచి తెరిస్తే రబ్బరు స్లైడ్ బుస్సున ఉబ్బి నేలకి జారుతుంది. గేటు దగ్గరికొచ్చాక దాన్ని డిస్‌ఆర్మ్ చెయ్యడం, అంటే స్లైడ్ ఉబ్బకుండా ఆపడం, మరిచి తెరిచావా, కింద నిలబడ్డవాడికి దెబ్బ తగలొచ్చు, విమానం ఆగిపోతుంది, నువ్వు విచారణ ముందు నిలబడతావు. అర్ధరాత్రి దాటగానే లేచి, ఆ రోజు నాలుగో ఫ్లైట్ చివర ఒళ్ళు హూనమై ఉన్నప్పుడూ ఈ పని తప్పకూడదు. ఈ ఉద్యోగంలో నిజమైన కష్టం నాకు అక్కడే కనబడింది.

టేకాఫ్ అప్పుడు కిటికీ తెరలు ఎందుకు ఎత్తమంటారో, రాత్రిపూట దీపాలు ఎందుకు తగ్గిస్తారో ఎప్పుడైనా ఆలోచించావా? బయట మంట ఉంటే లోపలికి కనబడాలి. చీకట్లోకి దూకాల్సివస్తే కళ్ళు అప్పటికే చీకటికి అలవాటుపడి ఉండాలి. జంప్‌సీట్లో, అంటే క్రూ కోసం ఉండే మడత సీట్లో, కూర్చున్న క్రూ ఊరికే కూర్చోరు. ఇప్పుడు ఆగిపోతే ఏం చెయ్యాలి, ఏ తలుపు, ఏ కేక అని మనసులో ఒకసారి తిప్పుకుంటారు. ఎయిర్‌బస్ అయినా బోయింగ్ అయినా కొత్త మోడల్‌ని అనుమతించే ముందు ఒక పరీక్ష పెడతారు. సగం తలుపులు మూసేసి, చీకట్లో, నిండు విమానాన్ని 90 సెకన్లలో ఖాళీ చేసి చూపించాలి. విమానం తనంతట తాను ఖాళీ అవదు కదా. "బెల్టు విప్పండి, సామాన్లు వదలండి, ఇటు రండి, దూకండి" అని అరిచి, గడప దగ్గర జంకినవాణ్ణి తోసైనా దించేది క్రూ. ట్రైనింగ్‌లో చాలామంది పిల్లలు తడబడేది ఇక్కడే. మర్యాదగా పెరిగిన పిల్లలకి, పెద్దవాళ్ళ మీద అంత గట్టిగా కేకేయడానికి నోరు రాదు.

మీ నాన్నగారికి చూపించడానికి నా దగ్గరున్నది ఒక్క ఉదాహరణ. 2024 జనవరి 2న టోక్యో హనేడా ఎయిర్‌పోర్టులో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూ, రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. అందులో 367 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది. మైకు పనిచెయ్యలేదు. క్రూ మెగాఫోన్లతో, వట్టి గొంతులతో నడిపించారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడదగ్గవని, మిగతావి తెరిస్తే మంట లోపలికి వస్తుందని, అద్దంలోంచి చూసి అక్కడికక్కడే తేల్చుకున్నారు. వెనక తలుపు దగ్గరున్న వాళ్ళకి కాక్‌పిట్‌తో మాట కలవలేదు, సొంత నిర్ణయంతో తెరిచారు. 379 మందీ బయటపడ్డారు. తర్వాత విమానం నిలువునా కాలిపోయింది. కోస్ట్ గార్డ్ విమానంలో మాత్రం ఆరుగురిలో ఐదుగురు పోయారు. కాలిన ఆ విమానం ఫోటో మీ నాన్నగారికి ఫోన్లో చూపించు.

ఆయన కొట్టుకి మిర్చి టిక్కీలతో వచ్చిన రైతుకి ముందు టీ ఇప్పిస్తారు కదా. ఆ రైతు టీ కోసం రాలేదు. సరైన కాటా, సరైన ధర, చెప్పిన రోజుకి డబ్బు, వీటికోసం వచ్చాడు. టీ ఇవ్వడం మర్యాద, కమీషన్ తీసుకునేది మాత్రం నమ్మకానికి. ఇదే మాట ఆయనతో అను, ఆయన భాషలోనే ఉంది. కాని ఎప్పుడంటావన్నది ముఖ్యం. సీజన్లో, ఫిబ్రవరి మార్చిల్లో, యార్డు నిండా సరుకుండి మనిషికి ఊపిరాడని రోజుల్లో ఈ సంభాషణ పెట్టకు. వేసవిలో యార్డుకి సెలవులిచ్చాక, ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చో. "నాకు ఇష్టం" అన్న ఒక్క ముక్కతో వెళ్ళకు. ఎన్ని ఇంటర్వ్యూలకి వెళ్తావు, ఎన్నాళ్ళు ప్రయత్నిస్తావు, రాకపోతే ఏం చేస్తావు, ఈ మూడింటికీ జవాబులతో వెళ్ళు. ఏడాది గడువు పెట్టుకోమని నా సలహా. ఇన్‌స్టిట్యూట్‌కి పైసా కట్టలేదని కూడా చెప్పు. ఆయన మొదట మెత్తబడేది ఆ మాటకేనని నా అనుమానం.

అంత చెప్పాను కదా అని టీని చిన్నచూపు చూడకు. నిజం చెప్పాలంటే నీ గంటల్లో ఎక్కువ భాగం ఆ పనే. విజయవాడ, హైదరాబాద్ మధ్య గంట కూడా గాల్లో ఉండని ఫ్లైట్లో, సీట్ బెల్ట్ దీపం ఆరిన తర్వాత ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. ఆ ఇరవై నిమిషాల్లో ట్రాలీ తోయాలి, డబ్బులు తీసుకోవాలి, చెత్త ఏరాలి. చవక ఎయిర్‌లైన్లలో దిగిన అరగంటలో మళ్ళీ ఎగరాలి కాబట్టి, సీట్ల మధ్య చెత్త ఎత్తడం, బెల్టులు సర్దడం కూడా చాలాసార్లు క్రూ పనే. పిల్లాడు వాంతి చేసుకుంటే సంచి పట్టుకునేది నువ్వే. టాయిలెట్ పాడైతే చూసేదీ నువ్వే. ఇవి చేస్తే పరువు పోతుందని నీ లోపల ఏ మూలైనా ఉంటే, మీ నాన్న మాట నీలోనూ ఉందన్నమాట. అప్పుడు రాకు.

మగవాళ్ళకి ప్రత్యేకంగా పని ఉందా అని అడిగావు. కాగితం మీద లేదు. పని, జీతం, పరీక్ష అందరికీ ఒకటే. ఆచరణలో, తాగి గొడవ చేసేవాడి దగ్గరికి నిన్నే పిలుస్తారు. అమ్మాయిని "ఏయ్" అన్నవాడు నువ్వు ముందుకొస్తే కొంత తగ్గుతాడు, అన్నిసార్లూ కాదు. అక్కడ కండబలం చూపించడం పనికిరాదు. గొంతు పెంచకుండా, చేయి ఎత్తకుండా, మాటతో దించాలి. దిగకపోతే కెప్టెన్‌కి చెప్పాలి, చూసినవాళ్ళ వివరాలు రాసుకోవాలి, దిగాక సెక్యూరిటీకి అప్పజెప్పాలి. 2017 నుంచి మన దేశంలో దీనికి మూడు అంచెలున్నాయి. నోటి దురుసుకి మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ళకి తక్కువ కాకుండా ఆ ప్రయాణికుడి మీద నిషేధం. నువ్వు రాసిన రిపోర్టు సరిగా ఉంటేనే ఆ నిషేధం తేల్చే కమిటీ ముందు నిలుస్తుంది. ఇంకొకటి, వెకిలి చేష్టలు అమ్మాయిలకే ఎదురవుతాయనుకోకు. అబ్బాయిలకీ ఎదురవుతాయి, చెప్పుకోడానికి సిగ్గుపడతారు. సిగ్గుపడకుండా లీడ్‌కి చెప్పు.

నీకున్న ఒక బలం నీకు తెలిసినట్టు లేదు. గల్ఫ్‌కి పనికి వెళ్ళే మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు, మొదటిసారి విమానం ఎక్కి, బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక, అడగడానికి భాష రాక బిగుసుకుని కూర్చుంటారు. "అమ్మా, ఇటు తిప్పి నొక్కండి" అని తెలుగులో ఒక్క మాట వినబడితే వాళ్ళ మొహం వికసిస్తుంది. ప్రమాదంలో కూడా అంతే, భయంలో మనిషికి తన భాషే వినబడుతుంది.

ఇంట్లోవాళ్ళకి చెప్పని కష్టాలు కొన్ని ఉంటాయి, ముందే తెలిసి ఉండటం మంచిది. సంక్రాంతికి, దసరాకి జనం ఎక్కువ ప్రయాణిస్తారు కాబట్టి అప్పుడే నీకు సెలవు దొరకదు. రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, ఎలా వస్తే అలా. స్టాండ్‌బై రోజు యూనిఫాం సిద్ధంగా పెట్టుకుని ఫోన్ పక్కన పడుకోవడమే. క్రూ బేస్‌లు హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ లాంటి పెద్ద ఊళ్ళలో ఉంటాయి, కొరిటెపాడు నుంచి డ్యూటీకి వెళ్ళడం కుదరదు. స్టాఫ్ టికెట్ ఉంటుంది, సీటు ఖాళీ ఉంటేనే ఎక్కనిస్తారు. ఎగురుతున్నప్పుడు కేబిన్‌లో గాలి ఆరేడు వేల నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నంత పల్చగా ఉంటుంది, ఇంచుమించు ఊటీలో పరుగులు పెడుతూ పనిచేసినట్టు. తేమ ఉండదు, పెదాలు పగులుతాయి, కాళ్ళు వాస్తాయి. జలుబు పట్టి చెవులు మూసుకుపోయినప్పుడు మొండికేసి ఎగిరితే కర్ణభేరికే దెబ్బ తగలొచ్చు. అలాంటి రోజు సిక్ చెప్పడం నీ హక్కు.

జీతం గురించి నువ్వు అడగలేదు, అడగాలి. చాలా కంపెనీల్లో అది రెండు ముక్కలు. నెలకి ఖాయంగా వచ్చేది ఒకటి, ఎగిరిన గంటలని బట్టి వచ్చేది ఒకటి. ఎక్కేవాళ్ళని సర్దుతూ, ఆలస్యమైన ఫ్లైట్లో జనం తిట్లు తింటూ నేల మీద గడిపిన సమయం చాలాచోట్ల ఆ రెండో లెక్కలోకి రాదు. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడాలో పదివేలమందికి పైగా క్రూ సమ్మె చేసింది ముఖ్యంగా దీని మీదే. ఇంటర్వ్యూలో ఎంపికయ్యాక, ఫిక్స్‌డ్ ఎంత, గంటకి ఎంత, నెలకి సగటున ఎన్ని గంటలు వస్తాయి అని విడివిడిగా అడుగు. గ్రూపుల్లో తిరిగే అంకెలని నమ్ముకుని బైక్ ఈఎంఐ పెట్టుకోకు.

అమ్మ సంగతి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి పోయినవాళ్ళలో కేబిన్ క్రూ పదిమంది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. ఎవరెంత నేర్చుకున్నా చేతిలో ఏమీ లేని ప్రమాదాలు కొన్ని ఉంటాయి. కాబట్టి "ఏం కాదమ్మా" అని ఆమెకి చెప్పకు, ఆమె నమ్మదు, నమ్మక్కర్లేదు కూడా. నువ్వు రోజూ బైక్ మీద గుంటూరు నుంచి విజయవాడ హైవేలో వచ్చి వెళ్ళడం కంటే విమానం క్షేమమన్నది నిజమే అయినా, ఏడుస్తున్న మనిషికి అది వినబడదు. ఆమెని ఒకసారి గన్నవరం తీసుకెళ్ళి ఏదో ఒక ఫ్లైట్ ఎక్కించు, నువ్వు పక్కన కూర్చో. భద్రత డెమో చేస్తున్న పిల్లని చూపించి అది దేనికో చెప్పు. 2021 ఫిబ్రవరిలో ఇదే గన్నవరంలో, దోహా నుంచి వచ్చిన విమానం దిగిన తర్వాత పార్కింగ్ వైపు వెళ్తూ రెక్కతో కరెంటు స్తంభాన్ని ఢీకొంది. లోపలున్న 64 మంది ప్రయాణికులకీ ఏమీ కాలేదు. విమానం పూర్తిగా ఆగేదాకా బెల్టు తియ్యొద్దని క్రూ ఎందుకు మొత్తుకుంటారో ఆ ఒక్క సంగతితో అర్థమవుతుంది. ఆమె భయం పోతుందని హామీ ఇవ్వలేను. భయపడుతూనే ఒప్పుకున్న తల్లులని చాలామందిని చూశాను.

నువ్వు పనికొస్తావా అంటే, ఉత్తరం చూసి చెప్పగలిగినంత చెబుతాను. ఎత్తు సరిపోతుంది. గల్ఫ్‌లో ఎమిరేట్స్ లాంటివాళ్ళు మునివేళ్ళ మీద నిలబడి 212 సెంటీమీటర్లు అందుకోమంటారు, పైఅరలో ఉన్న పరికరం చేతికి అందాలి కాబట్టి. ఇంట్లో గోడ మీద గీత గీసుకుని చూసుకో. తెలుగు మీడియం అడ్డు కాదు. యాస గురించి కంగారుపడకు, స్పష్టత చాలు. రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ పేరా గట్టిగా చదివి ఫోన్లో రికార్డు చేసుకుని విను. మూడు నెలల్లో తేడా నీకే తెలుస్తుంది, దానికి ఖర్చు లేదు. ఈత రాకపోతే నేర్చుకో, నీళ్ళలో దిగే డ్రిల్ ట్రైనింగ్‌లో ఉంటుంది. ఎయిర్‌పోర్టు పాస్ ఇచ్చే ముందు పోలీసు వెరిఫికేషన్ చేస్తారు. కాలేజీ రోజుల్లో ఏదైనా గొడవలో పేరు పడి ఉంటే ఇప్పుడే కనుక్కో, దాచకు.

టాటూ దగ్గర ఇబ్బంది ఉంది. యూనిఫాంలో కనబడే టాటూని మన ఎయిర్‌లైన్లు సాధారణంగా ఒప్పుకోవు, పొట్టి చేతుల చొక్కా ఇచ్చేచోట ముంజేయి బయటే ఉంటుంది. బ్యాండేజీ చుట్టుకునో, మేకప్ పూసుకునో ఇంటర్వ్యూకి వెళ్ళకు, మొదట చూసేది అదే. లేజర్‌తో తీయించుకోవచ్చు, కాని ఒక్క సిట్టింగ్‌లో పోదు, నెలలు పడుతుంది, మచ్చ కూడా మిగలొచ్చు. విజయవాడలోనో గుంటూరులోనో చర్మవ్యాధుల డాక్టర్‌ని కలిసి ఎన్ని సిట్టింగులు, ఎంత ఖర్చు కనుక్కో. పార్లర్ల జోలికి పోకు. మొదలెట్టే ముందు అమ్మతో చెప్పు, ఆమె వేరేగా అర్థం చేసుకుంటే నీకింకో తలనొప్పి.

పాస్‌పోర్టు ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ వారమే అప్లై చెయ్యి, కొరిటెపాడు అడ్రస్‌తో ఆధార్, పదో తరగతి మెమోలో పేరు స్పెల్లింగ్ ఒకటేనా చూసుకుని మరీ పెట్టు. కొంతమంది పిల్లలు ఎంపికయ్యాక ఆగిపోయేది ఇంటిపేరు స్పెల్లింగ్ దగ్గరే.